స్వెటర్ జేబులో ఆల్టిమీటర్

సాయంత్రం. ముందుగదిలో బల్ల మీద పాత ల్యాప్‌టాప్, దాని ముందు వదినా ఆడపడుచూ. లోపలి గదిలో పాపను వాళ్ళ నాన్న నిద్రపుచ్చుతున్నాడు. వదిన క్లాసుకు బయల్దేరే వేళ దగ్గరపడుతోంది.

"వదినా, ముందు ఒక్కటి చెప్పు. నా ఆల్టిమీటర్ తీసుకెళ్ళి ఎక్కడ పెట్టావు?"

"మెల్లగా మాట్లాడు, మీ అన్నయ్య లోపలే ఉన్నారు. పాప స్వెటర్ జేబులో పెట్టాను."

"అది రాకెట్లో పెట్టేది. రాకెట్ ఎంత ఎత్తు లేచిందో రాసిపెట్టుకుంటుంది. పాప స్వెటర్లో దానికేం పని?"

"పాప ఎంత ఎత్తు లేస్తోందో రాసిపెట్టుకోవడం."

"పాపెందుకు లేస్తుంది?"

"మీ అన్నయ్య చేతిలో పడితే లేవక ఏం చేస్తుంది? రెండు చంకల్లో చేతులు పెట్టడం, హుప్ అని పైకి విసరడం, పట్టుకోవడం. అదేమో కిలకిలా నవ్వడం. నవ్వుతోందని మళ్ళీ విసరడం. నా గుండె అక్కడే ఆగిపోతుంది."

"ఇక ఎగరెయ్యనని ఒట్టు పెట్టాడు కదా?"

"పెట్టారు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. అప్పుడే తలకి నూనె రాసుకున్నాను. ఆ నూనె చేత్తోనే వెళ్ళి పాపని ఎత్తుకున్నారు. జారితే?"

"అందుకని నా పరికరాన్ని కాపలా పెట్టావు."

"నేనింట్లో ఉంటే ఏ కాపలా అక్కర్లేదు. సోమవారం నుంచి సాయంత్రం క్లాసుకి వెళ్తున్నానుగా. ఆ గంటంపావూ పాపా ఆయనా తప్ప కొంపలో ఇంకెవరూ ఉండరు. నువ్వు కాలేజీ నుంచి వచ్చేటప్పటికి నేనూ వచ్చేస్తాను. మధ్యలో ఏం జరుగుతోందో ఎవరు చూడొచ్చారు? ఇవాళంటే నువ్వు తొందరగా వచ్చావు కాబట్టి అడుగుతున్నాను."

"సరే. ఎగరేసినట్టు తేలితే ఏం చేస్తావు?"

"క్లాసు మానేస్తాను."

"పదో తరగతి?"

"లేకపోతే ఏమైంది? ఇన్నాళ్ళూ పది లేకుండానే అన్నం వండాను, పిల్లని కన్నాను. నా పిల్ల పుట్టేముందు పది పాసయ్యావా అని అడిగి పుట్టలేదు."

"బట్టల షాపువాళ్ళు అడిగారుగా. కౌంటర్లో కూర్చోవాలంటే పది ఉండాలన్నారు. ఆ ఉద్యోగం ఉద్యోగం అని నెలంతా కలవరించింది నువ్వే."

"కలవరించాను. ఇప్పుడు మెలకువొచ్చింది."

"ఎగరెయ్యలేదని తేలితే మాత్రం ఇవాళ వెళ్తావు."

"అప్పుడు చూద్దాం."

"చూద్దాం కాదు. వెళ్తాను అను."

"ముందు దాన్ని కంప్యూటర్‌కి పెట్టవమ్మా తల్లీ. అవతల టైమైపోతోంది."

"పెడుతున్నా. అసలు దీనికోసం రెండురోజుల నుంచి వెతుకుతున్నాను తెలుసా? ఆదివారం మా క్లబ్బువాళ్ళు రాకెట్ వదులుతున్నారు. ఇందాక అన్నయ్య తెచ్చి, నువ్వు వెతికేది ఇదేనా అని చేతిలో పెట్టాడు."

"స్వెటర్ ఉతకడానికి తీసుంటారు, జేబులో దొరికుంటుంది. చూశావా, తన మీద సాక్ష్యాన్ని తనే తెచ్చిచ్చారు. పాపం, అమాయకుడు."

"ఇప్పుడు అమాయకుడయ్యాడా?"

"ఎగరేసే విషయంలో కాదు. మిగతా వాటిల్లో. ఏంటి, ఏం రావట్లేదు?"

"రావట్లేదు."

"ఎర్ర దీపం వెలిగిందిగా?"

"దీపం వెలిగింది. కంప్యూటరే గుర్తుపట్టట్లేదు."

"మొత్తం చెరిపేశారంటావా?"

"ఎవరూ చెరపలేదు. ఈ కేబుల్ ఎక్కడిది?"

"నా ఫోన్ చార్జర్‌ది."

"అదీ సంగతి. ఇది చార్జింగ్‌కి మాత్రమే. కరెంటు తీసుకెళ్తుంది కానీ లోపలున్న సంగతులు బయటికి తేదు."

"మీ పెద్దమావయ్యలాగన్నమాట. సుబ్బరంగా భోంచేసి వెళ్తారు, ఒక్క కబురు చెప్పరు."

"మా మావయ్య జోలికి రాకు. దీని కేబుల్ దీని డబ్బాలోనే ఉండాలి. ఆగు... ఇదిగో."

"టింగ్‌మంది. ఎందుకలా అంది?"

"గుర్తుపట్టింది. చూడు, పెన్‌డ్రైవ్ పెట్టినట్టే కనపడుతుంది. దాని మీద నొక్కితే లోపల ఫైళ్ళుంటాయి."

"మధ్యలో ఏదో అడుగుతోంది. ఓకే అని నొక్కెయ్."

"నొక్కను. ఏం అడుగుతోందో చదవకుండా ఓకే నొక్కకూడదు."

"నేనెప్పుడూ అలాగే నొక్కుతాను."

"అందుకే నీ ఫోన్లో ఎప్పుడు చూసినా వేరే ఊళ్ళో వాన పడుతుంటుంది. ఆ... తెరుచుకుంది. నాలుగు ఫైళ్ళు. ఒకటి సెట్టింగ్స్. మిగతావి ఫ్లైట్ ఒకటి, ఫ్లైట్ రెండు, ఫ్లైట్ మూడు."

"మూడు ఫ్లైట్లు. మూడు రోజులు, మూడు ఫ్లైట్లు. రోజుకొకటి చొప్పున ఎగరేశారు. ఇంకేం కావాలి నీకు?"

"అది దేన్ని రాసినా ఫ్లైట్ అనే పేరు పెడుతుంది వదినా. దానికి తెలిసింది అదొక్కటే."

"తారీఖులు చూడు, అన్నిటికీ జనవరి ఒకటని ఉంది. జనవరి ఒకటిన నేను పుట్టింట్లో ఉన్నాను."

"దాంట్లో గడియారం లేదు. ముందేది, వెనకేది అని వరస తెలుస్తుందంతే. ఆగు, ముందు సెట్టింగ్స్ చూడనీ, ఎందుకో నాకు అనుమానంగా ఉంది... వదినా, ఏం చేశావు దీన్ని?"

"ఏం చేశాను?"

"బీపర్ ఆపేశావు."

"ఆపక? పాప జేబులోంచి బీప్ బీప్ మంటే ఆయనకి తెలిసిపోదూ?"

"రాకెట్ గడ్డిలో పడితే ఆ బీప్ వినే వెతుక్కుంటాం మేము. రాసే వేగం కూడా తగ్గించావు."

"సెకనుకి ఇరవైసార్లు రాస్తానంటోంది. ఏం రాస్తుంది అన్నిసార్లు? నిండిపోదూ? సెకనుకోసారి చాలని పెట్టాను."

"మేలుకునే ఎత్తు ముప్ఫై మీటర్లు ఉండాలి, దాన్ని రెండు చేశావు."

"పాపని ముప్ఫై మీటర్లు ఎగరేస్తే ఇక ఫైలు చూసుకునేదేముంది? రెండుకన్నా తక్కువ ఒప్పుకోనంది. రెండు మీటర్లు పైకెళ్ళినా, కిందికెళ్ళినా లేచి రాస్తుంది. మళ్ళీ బయల్దేరిన ఎత్తుకే వస్తే పడుకుంటుంది. అక్కడ అలాగే రాసుంది."

"అక్కడంతా ఇంగ్లీషు కదా?"

"అయితే? పక్కన ఏ లైను దేనికో రాసుంది. తెలియని మాటలు ఫోన్లో వెతుక్కున్నాను. పాప పాలు తాగినంతసేపూ ఒక లైను. అన్నీ మార్చి, సేవ్ చేసి, మూసేశాను. ఏం, తప్పు చేశానా?"

"చేసిందంతా తప్పే. కానీ ఒక్కటి కూడా తప్పుగా చెయ్యలేదు. ఇంత చేసినదానివి, క్లాసు ఎలా ఉందంటే మాత్రం ఒక్కరోజూ నోరు విప్పవేం?"

"బాగుందని చెప్పానుగా."

"బాగుందంటే?"

"సారుకి పెద్ద మీసం. లెక్కలు బాగా చెప్తారు. ఆ మొదటి ఫ్లైట్ తెరువు, ఊరికే మాటల్లో పెట్టకు."

"తెరిచాను. ఇదిగో, ఎడమవైపు సెకన్లు, కుడివైపు ఎత్తు. బయల్దేరిన చోటు సున్నా. అంటే మన ఇల్లు."

"అంకెలు చూస్తుంటే కళ్ళు తిరుగుతున్నాయి. ఎక్కువలో ఎక్కువ ఎంతో చెప్పు."

"తొమ్మిది."

"తొమ్మిది అడుగులా?"

"అడుగులే. మేలుకునే ఎత్తు మీటర్లలో ఇచ్చినా, రాసేది మేమెప్పుడూ అడుగుల్లోనే పెడతాం."

"మన సీలింగే తొమ్మిదడుగులుంటుంది. అంటే పాప తల... ఫ్యాన్... ఏవండీ, ఏవండీ, ఒకసారి ఇలా రండి."

"వదినా, కూర్చో. పాప లోపల బంగారంలా ఉంది, ఇందాకే చూశాంగా. ఎక్కడా ఒక్క గీత కూడా పడలేదు."

"పైకి కనపడని దెబ్బలుంటాయి."

"ఉండు. యూనిట్లు కూడా మార్చావా నువ్వు?"

"మార్చాను. బళ్ళో మాకు మీటర్లే చెప్పారు."

"అయితే ఇది తొమ్మిది మీటర్లు."

"హమ్మయ్య. మీటర్లయితే తగ్గుతుందిగా?"

"పెరుగుతుంది. సుమారు మూడంతస్తులు. వదినా, ఊపిరి తీసుకో. ఏ మనిషీ పిల్లని మూడంతస్తులు ఎగరెయ్యలేడు. బేకరీలో పిండి బస్తాలు మోసే అన్నయ్య చేతులైనా సరే. గ్రాఫ్ వేస్తాను ఉండు, గీత చూస్తే అర్థమవుతుంది... ఇదిగో. ఎగరేస్తే టక్కున లేచి టక్కున పడాలి. ఇది అలా లేదు. మెల్లగా, మెట్టు మెట్టుగా ఎక్కింది."

"మెట్టు మెట్టుగానా?"

"మెట్లే. ఇక్కడ చూడు, పై అంతస్తుకి చేరగానే కాసేపు ఆగింది."

"అక్కడ వాళ్ళ కుక్క ఉంటుంది. అది లోపలికెళ్ళేదాకా ఆగాలి."

"ఆగి, మళ్ళీ ఎక్కింది. ఎక్కి ఎక్కి, తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఇక కదల్లేదు. గంటకి పైనే అక్కడే ఉంది. తర్వాత గబగబా దిగింది. అర్థమైందా?"

"లేదు."

"డాబా వదినా. అన్నయ్య పాపని డాబా మీదకి తీసుకెళ్ళాడు. గంటసేపు ఆ చలిగాలిలో కూర్చోబెట్టాడు. పిట్టగోడ ఎంతుంటుందక్కడ, మోకాలిదాకా కూడా ఉండదు. ఎగరెయ్యడమే నయం."

"మీ అన్నయ్య డాబా మీదకి రాలేదు."

"ఏంటీ?"

"రాలేదంటున్నాను. ఆయన అలాంటి పనులు చెయ్యరు."

"ఇందాకటిదాకా నూనె చేతుల మనిషి, ఫ్యాన్‌కేసి కొట్టే మనిషి."

"ఎగరేస్తారు, కాదన్లేదు. డాబా మీదకి మాత్రం తీసుకెళ్ళరు. నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"కట్టుకున్నదాన్ని, నాకు తెలియదా? ఆ యంత్రమే చెడిపోయింది."

"చెడిపోలేదు."

"గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్తుందని నువ్వేగా చెప్పావు? వాతావరణం మారితే ఒత్తిడి మారుతుందని కూడా చెప్పావు. సోమవారం మబ్బు పట్టింది. దానివల్లే."

"మబ్బు పడితే గీత అలా అలా జరుగుతుంది. మబ్బు కుక్కని చూసి ఆగదు. మబ్బు మెట్లెక్కదు."

"ఏమో, మన వీధిలో మబ్బు ఎలా పడుతుందో నీకేం తెలుసు, నువ్వు కాలేజీలో ఉంటావు."

"రెండోది తెరుస్తాను. రెండోదీ అలాగే ఉంటే యంత్రం మంచిదే."

"రెండోది వద్దు. చిట్టీ, వద్దులే. ఎగరెయ్యలేదని తేలిపోయిందిగా? టక్కున లేవలేదు, టక్కున పడలేదు. నా అనుమానం తీరిపోయింది. అన్నీ తుడిచేసి, నీ సెట్టింగ్సు నువ్వు పెట్టేసుకో."

"తెరిచేశాను. అచ్చం అలాగే ఉంది. ఎక్కింది, పై అంతస్తులో ఆగింది..."

"కుక్క."

"...తొమ్మిది మీటర్లు, గంట పైన, దిగింది. రెండో రోజు కూడా. అన్నయ్యని ఇవాళ వదిలేది లేదు. మూడోది కూడా చూసి పిలుస్తాను. ఏయ్, వదినా, ఏం చేస్తున్నావు, కేబుల్..."

"చెయ్యి తగిలింది."

"తగల్లేదు. పీకేశావు. నేను చూశాను. ఫైలు తెరిచుండగా పీకితే ఏమవుతుందో తెలుసా? తీస్తున్నానని కంప్యూటర్‌కి చెప్పి తియ్యాలి."

"చెప్పాపెట్టకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయినవాళ్ళున్నారు, ఇదెంత."

"ఏంటి గొడవ? పాప ఇప్పుడే కళ్ళు మూసింది. దాన్ని నిద్రపుచ్చేసరికి నేను రెండుసార్లు నిద్రపోయి లేచాను."

"రా అన్నయ్యా, నీకోసమే. ఇలా కూర్చో. సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. పాపని డాబా మీదకి తీసుకెళ్ళావా?"

"డాబా మీదకా?"

"నేనడిగిందే తిరిగి అడక్కు."

"ఎవరు చెప్పారు?"

"చూశారా, చిట్టికి ఊరికే అనుమానం. ఏవండీ, మీరెళ్ళి మొహం కడుక్కోండి."

"వదినా, నువ్వు మధ్యలో రాకు. తీసుకెళ్ళావా లేదా?"

"లేదు. డాబా మీద నేను కాలు పెట్టలేదు. పాప కాలూ పెట్టలేదు. కావాలంటే మీ వదిన నెత్తి మీద..."

"నా నెత్తి వదిలెయ్యండి."

"మరి ఇది ఎలా ఎక్కింది డాబా? పాప స్వెటర్ జేబులో ఉన్నది, దానంతటది మెట్లెక్కి వెళ్ళిందా?"

"ఏది? ఇందాక నీకిచ్చానే, అదా? అది స్వెటర్లో ఎక్కడుంది? మొదటిరోజే తీసేశాను. పాపని ఎత్తుకుంటే ఏదో పొట్టలో గుచ్చుకుంది. చూస్తే ఇది. మీ వదిన క్లాసుకి కావాల్సిన పెన్‌డ్రైవేమో, పాప ఆడుకుంటూ జేబులో వేసుకుందేమో అనుకున్నాను. ఆవిడ చెప్పులేసుకుంటుంటే బ్యాగు పక్క జేబులో పడేశాను. ఇవాళ నువ్వు బుల్లి పరికరం, ఎర్ర దీపం అంటుంటే గుర్తొచ్చి, అందులోంచే తీసిచ్చాను."

"వదిన బ్యాగులోంచా?"

"క్లాసు బ్యాగులోంచి. మూడు రోజులూ అందులోనే ఉంది. ఏం?"

"వదినా."

"పాలు పొంగుతున్నాయి, చూసొస్తాను."

"స్టవ్ వెలగట్లేదు."

"అయితే వెలిగించొస్తాను."

"వదినా, కూర్చో. మీసం సార్ లెక్కలు డాబా మీద చెప్తారా? చెప్పు."

"ఏం చెప్పమంటావు? బయల్దేరాను. నిజంగానే బయల్దేరాను. నాలుగు మెట్లు దిగాను, పాప ఏడుపు వినపడింది."

"సోమవారమా? ఏడవలేదే. అరటిపండు తింటూ కూర్చుంది."

"నాకు వినపడిందండీ. మీకు వినపడకపోతే నేనేం చేసేది? వెనక్కొస్తే, ఏం అప్పుడే వచ్చేశావంటారు. ముందుకి కాళ్ళు పడలేదు. ఇక మిగిలింది పైకి వెళ్ళడమే. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్క నుంచి ఒక గొట్టం దిగుతుంది, మన స్నానాలగది కిటికీ మీదుగా. దాని పక్కన కూర్చుంటే ఇంట్లో మాటలు వినపడతాయి."

"నేను స్నానం చేస్తూ పాడేవి?"

"అవీ వినపడతాయి. పై ఇంటి కుక్క ఎందుకు అరుస్తుందో నాకప్పుడు అర్థమైంది."

"అన్నయ్యా, నువ్వు పాట సంగతి తర్వాత బాధపడు. అంటే వదినా, రెండు రోజులూ గంటసేపు ఆ గొట్టం పక్కన కూర్చుని, కిందికొచ్చి, క్లాసు బాగుందని చెప్పావు."

"ఇంకేం చెప్పను? గొట్టం బాగుందని చెప్పనా?"

"సారుకి మీసం అన్నావు."

"మీసం నిజమే. చేరడానికి వెళ్ళినరోజు చూశాను."

"మీసం ఒక్కటీ పెట్టుకుని రెండు రోజుల క్లాసు నడిపించావు. అంటే అసలు క్లాసుకే వెళ్ళలేదు."

"నిన్న వెళ్ళాను."

"వదినా."

"ఒట్టు. నిన్న నిజంగా వెళ్ళాను."

"మొన్నా వెళ్ళానన్నావు."

"మొన్నది అబద్ధం. నిన్నటిది నిజం. మొన్న ఒక్కో మాటా వెతుక్కుని చెప్పాను. నిన్న అసలేమీ చెప్పలేదు, గమనించలేదా నువ్వు? ఏవండీ, మీరైనా నమ్మండి."

"నువ్వు మొన్న కూడా ఇదే గొంతుతో చెప్పావు మరి."

"మూడో ఫైలు తెరువు చిట్టీ. అందులో ఉంటుంది. అది నా బ్యాగులోనే ఉందన్నారుగా, నాతోపాటే వచ్చుంటుంది. తెరువు."

"ఇందాక యంత్రం చెడిపోయిందన్నావు."

"చెడిపోలేదు. చాలా మంచి యంత్రం."

"అన్నీ తుడిచెయ్యమన్నావు."

"తుడవకు. ఎవరన్నారు తుడవమని? అడ్డం లేవండి మీరు. ఏది కేబుల్? ఇదిగో, పెట్టు."

"పెడుతున్నా... చూశావా, నువ్వు పీకినందుకు అలిగింది. ఏదో పాడైంది, బాగుచెయ్యనా అంటోంది."

"ఓకే నొక్కు."

"చదవాలి ముందు."

"చదివింది చాలు, నొక్కు."

"ఉండు. లోపల ఒకటీ రెండూ కనపడుతున్నాయి. మూడోది... పేరుంది. సైజు సున్నా."

"సున్నా అంటే?"

"ఖాళీ అని. నువ్వు పీకినప్పుడు పోయిందేమో."

"డాబా ఎక్కినవి రెండూ ఉన్నాయా?"

"అవి భేషుగ్గా ఉన్నాయి."

"క్లాసుకి వెళ్ళింది ఒక్కటీ పోయిందా? నా జన్మంతా ఇంతే. ఏడిస్తే అందరికీ వినపడుతుంది, నవ్వితే ఎవరూ ఉండరు. పోనీలే. నేనెళ్ళానని నాకు తెలుసు, చాలు. నమ్మకపోతే మానెయ్యండి."

"అప్పుడే వైరాగ్యం వద్దు. బాగుచెయ్యమని చెప్తున్నాను. చదివే నొక్కుతున్నాను, చూడు... నడుస్తోంది. అన్నయ్యా, బల్ల కదపకు."

"నేను ఊపిరి కూడా పీల్చట్లేదు."

"అయ్యింది. మళ్ళీ తెరుస్తున్నా... వదినా, వచ్చింది. అంకెలున్నాయి."

"చదువు. పైకి చదువు, ఆయన వినాలి."

"ఇదేంటి, మైనస్ ఉంది. మైనస్ మూడు."

"మైనస్ అంటే? మళ్ళీ పాడైందా?"

"కాదు. సున్నా అంటే మన ఇల్లని చెప్పానుగా. మైనస్ మూడంటే మెట్లు దిగి వీధిలోకి వెళ్ళావు. ఎక్కలేదు, దిగావు. వీధిలో నడిచావు, నడిచావు... ఇక్కడ ఇంకా కిందికి వెళ్ళింది. మైనస్ ఆరు. వీధికన్నా కిందికి ఎక్కడికి దిగావు, బావిలోకా?"

"లైబ్రరీ కింద సెల్లార్ ఉంది. క్లాసు అక్కడే పెడతారు."

"గంట పైన అక్కడే ఉంది గీత. అసలు కదల్లేదు."

"బెంచీ మీద కూర్చుంటే ఎలా కదులుతాను?"

"వెళ్ళింది అన్నయ్యా. వదిన క్లాసుకి వెళ్ళింది."

"వెళ్ళింది. కనపడుతోంది. మరింకేం, లే, ఇవాళ్టి టైమూ అవుతోంది. బ్యాగేదీ?"

"ఇవాళ వెళ్ళను."

"మళ్ళీ ఏమైంది?"

"నిన్న ఏమైందో ఫైల్లో రాదు కాబట్టి మీకు తెలియదు. ఆ సెల్లార్లో ఏమీ వినపడదు. గొట్టం లేదు, కిటికీ లేదు. మొదట్లో పక్కావిడ నా పెన్ను రెండుసార్లు తీసిచ్చింది కింద నుంచి. తర్వాత సారు ఒక లెక్క ఇచ్చారు. తొట్టిలో ఒకవైపు నుంచి నీళ్ళు వస్తుంటే ఇంకోవైపు నుంచి పోతుంటాయి, ఎప్పటికి నిండుతుందని. నాకు రాలేదు. మళ్ళీ చేశాను. రాలేదు. ఇంకోలా చేశాను, వచ్చింది. అందరికన్నా ముందు నాకే వచ్చింది. తలెత్తి చూస్తే క్లాసు అయిపోయింది."

"మంచిదేగా?"

"ఏం మంచిదండీ? మర్చిపోయాను."

"ఏం మర్చిపోయావు?"

"పాపని. ఆ లెక్క చేస్తున్నంతసేపూ నాకొక పిల్ల ఉందన్న సంగతే గుర్తులేదు. ఏడుస్తుందేమో అనుకోలేదు, మీరు ఎగరేస్తారేమో అనుకోలేదు. ఏ తల్లయినా అలా మర్చిపోతుందా? డాబా మీద కూర్చున్నప్పుడు కనీసం దాని నవ్వు వినపడేది. రెండు రోజులూ ఎంత బాగా నవ్విందో. నిన్న నేను దాని గొంతు వినలేదు సరికదా, వినట్లేదని కూడా తోచలేదు. అందుకే వెళ్ళను. ఇంకోసారి వెళ్తే ఇంకా ఎక్కువ మర్చిపోతాను."

"వదినా..."

"నువ్వుండవే చిట్టీ, మీ వదినకి నేను చెప్తాను. ఇదిగో బ్యాగు, పట్టుకో. వెళ్ళు, వెళ్ళి లెక్కలు చేసుకో, నిన్నటికన్నా ఎక్కువ మర్చిపో. కానీ పైకో కిందికో ముందే చెప్పి వెళ్ళు. సోమవారం నీ చెప్పుల చప్పుడు పైకి వెళ్ళడం విన్న దగ్గర్నుంచి రోజూ పాపని తీసుకెళ్ళి డాబా తలుపుకి ఇవతల మెట్ల మీద కూర్చుని, నీకు వినపడాలని నవ్విస్తున్నాను, నువ్వు దిగే వేళకి ముందే దిగిపోతున్నాను. నిన్న కూడా గంటసేపు అక్కడే కూర్చుని నవ్వాం ఇద్దరమూ, తలుపవతల ఎవరూ లేరని తెలియక."